నాలుగు స్వరాల రాగం: బాలమురళీకృష్ణ వాగ్గేయ రచన

సాహిత్యాన్నీ సంగీతాన్నీ తామే కూర్చి తామే గానం చేసే వాగ్గేయకారుల పరంపర మువ్వ క్షేత్రయ్య కాలం నుంచి కృష్ణా తీరానికి పరిచితమే అయినా, ఇరవయ్యో శతాబ్దంలో దానిని విజయవాడ నుంచి దేశమంతటికీ వినిపించినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930 జులై 6న శంకరగుప్తంలో జన్మించి, పసితనంలోనే తల్లిని కోల్పోయిన ఆయన, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిష్యరికం చేసి, ఎనిమిదేళ్ల వయసులోనే త్యాగరాజ ఆరాధనోత్సవంలో కచేరీ చేశారు. త్యాగరాజు, మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి వారు అన్న వరుసలో ఆయనది ఐదవ స్థానం. ఆయన సాహసాలను అంచనా వేసేటప్పుడు ఈ గురుపరంపరను మరచిపోవడం న్యాయం కాదు.

ఆ సాహసాలలో మొదటిది, యౌవనం తొలినాళ్లలోనే పూర్తి చేసిన డెబ్బై రెండు మేళకర్తల కృతుల సంపుటి ‘జనక రాగ మంజరి’. ఏడు స్వరాలూ సంపూర్ణంగా ఉండి ఇతర రాగాలకు పుట్టుకనిచ్చే రాగాన్ని మేళకర్త అంటారు. వీటిలో నలభై వివాది మేళాలు, అంటే పక్కపక్కనే ఒరుసుకునే స్వరస్థానాలు గలవి, కనుక గాయకులు వాటి జోలికి వెళ్లడం తక్కువ. మహావైద్యనాథ అయ్యర్ డెబ్బై రెండింటినీ ఒకే రాగమాలికగా కూర్చగా, కోటీశ్వర అయ్యర్ తమిళంలో విడివిడి కృతులు రచించారు. ఆ కోవలో ప్రతి మేళానికీ విడిగా ఒక కృతిని సమకూర్చి, వివాది స్వరాల కర్కశత్వాన్ని సాహిత్యపు సౌలభ్యంతో మెత్తబరచడం బాలమురళి ప్రత్యేకత.

అయితే ఆయన పేరును వివాదంలోకి లాగినవి మేళకర్తలు కావు, మహతి, లవంగి, సుముఖం వంటి నాలుగు స్వరాల రాగాలు. మహతిలో షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం మాత్రమే ఉంటాయి. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది, అంటే అది ఔడవమైనా కావాలన్నది, సంప్రదాయవాదుల నియమం కాగా, వీణా విద్వాంసుడు ఎస్. బాలచందర్ ఈ రాగసృష్టి వాదాన్ని బహిరంగంగానే ప్రశ్నించారు. ఈ ఆక్షేపణలో బలం లేకపోలేదు: స్వరాలు తగ్గేకొద్దీ సంచారానికి చోటు తగ్గి, రాగం స్వరక్రమంగానే మిగిలిపోయే ప్రమాదం ఉంటుంది. కానీ త్యాగరాజు కృతులతో స్థిరపడిన నవరసకన్నడ రాగం ఆరోహణలో నాలుగు స్వరాలే ఉన్నాయి. అవరోహణ సమృద్ధంగా ఉండటం వల్ల అది నిలబడింది. బాలమురళి ఆ ఆధారాన్ని కూడా వదులుకొని, రాగానికి ఎంత తక్కువ సామగ్రి చాలునో పరీక్షించారు. మహతి నేటికీ కచేరీలలో వినిపిస్తోందంటే, ఆ పరీక్షలో కనీసం ఆ ఒక్క రాగమైనా నెగ్గిందని చెప్పక తప్పదు.

లయ విషయంలో కూడా ఆయన ఇదే తీరున నడిచారు. తాళంలో చప్పుడుతో వేసే దెబ్బను సశబ్ద క్రియ అంటారు. దానికి మాత్రమే గతిని, అంటే ఆ దెబ్బలో ఇమిడే అక్షరాల సంఖ్యను, మార్చి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అనే తాళభేదాలను ఆయన రూపొందించారు. ఇవి, కచేరీ చివర లయప్రధానంగా పాడే ఆయన తిల్లానాలంత ప్రచారం పొందలేదు. బృందావని, కథనకుతూహలం రాగాలలోని ఆయన తిల్లానాలు నాట్యవేదికల మీద నిత్యం వినిపిస్తూనే ఉన్నాయి.

బిరుదులకూ పురస్కారాలకూ లోటు లేదు: 1978లో సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వ షెవలియర్ గౌరవం ఆయనకు లభించాయి. విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసి, ఆకాశవాణి ‘భక్తిరంజని’ ద్వారా తెలుగు ఇళ్లకు ఉదయపు సంగీతాన్ని అందించిన ఆయన చేసిన మేలు వీటన్నిటికంటే గొప్పది. మాటను విరవకుండా, ఒత్తును మింగకుండా తెలుగును పాడవచ్చునని మూడు స్థాయిలలోనూ సునాయాసంగా సంచరించే ఆ గాత్రం నిరూపించింది. ఆ లాలిత్యాన్ని బరువు లేనితనంగా భావించిన విమర్శకులు సాహిత్యం పట్ల ఆయన చూపిన ఈ శ్రద్ధను తగినంతగా గుర్తించలేదు.

2016 నవంబర్ 22న చెన్నైలో ఆయన కన్నుమూశారు. తిల్లానాతో కచేరీ ముగించి ఆయనను స్మరించామనుకునే యువ గాయకులు, ఆ డెబ్బై రెండు కృతులలో ఒక్క వివాది మేళాన్నయినా నేర్చి, విజయవాడ వేదికల మీద ప్రధాన అంశంగా పాడాలి.