వంగే రీడు, వంగని రీడు: బ్లూగ్రాస్ హార్మోనికా నుంచి చేవెళ్ల, మొయినాబాద్ భజన హార్మోనియం దాకా

సారాంశం: బ్లూగ్రాస్ బాణీలు పలికించడానికి హార్మోనికా రీడ్ల శ్రుతిని మార్చుకున్న పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అదే కుటుంబానికి చెందిన భజన హార్మోనియం విషయంలో ‘అపస్వరం’ అనే తీర్పు ఎంతవరకు నిలుస్తుందో చర్చిస్తుంది.

కీలకపదాలు: హార్మోనికా, బ్లూగ్రాస్, ప్రత్యామ్నాయ శ్రుతి, హార్మోనియం, భజన, అపస్వరం.

1. ప్రస్తావన

బ్లూగ్రాస్ అమెరికాలోని కెంటకీకి చెందిన బిల్ మన్రో పేరుతో ముడిపడిన సంగీతం. 1939లో ఆయన ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ బృందంతో నాష్‌విల్‌లోని ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ రేడియో కార్యక్రమంలో చేరాడు. 1945 చివర ఎర్ల్ స్క్రగ్స్ బాంజోతో వచ్చి కలిశాక దాని స్వరూపం స్థిరపడింది. ఫిడేలు, బాంజో, మాండొలిన్, గిటారు, బేస్ దాని ప్రధాన వాద్యాలు. తెలుగునాట మౌత్ ఆర్గాన్ అని పిలిచే హార్మోనికాకు అందులో నియతమైన చోటు లేదు. ఫిడేలు కోసం పుట్టిన వేగవంతమైన బాణీలను ఈ వాద్యంపై వాయించబోయిన వారికి అడ్డు వచ్చింది ఊపిరి చాలకపోవడం కాదు, రీడ్ల అమరిక.

2. పది రంధ్రాల వ్యాకరణం

ప్రామాణికమైన ‘రిక్టర్’ అమరికలో ప్రతి రంధ్రానికి ఊదితే ఒక స్వరం, పీల్చితే మరొక స్వరం. ఊదినప్పుడు స, గ, ప మాత్రమే మళ్లీ మళ్లీ వస్తాయి. తక్కినవి పీల్చినప్పుడు రావాలి. అయితే కింది స్థాయిలో మధ్యమం, ధైవతం అసలు లేవు. రెండవ, మూడవ రంధ్రాల్లో పీల్చే స్వరాలను నోటిలోపలి ఆకృతి మార్చి కిందికి వంచి వాటిని రాబట్టుకోవాలి. బ్లూస్ వాదకులు ఈ లోటునే సొగసుగా మలచుకున్నారు. వంచిన స్వరం మన గమకానికి దూరపు చుట్టం. బ్లూగ్రాస్ వేగంలో మాత్రం ప్రతి వంపునూ ఖచ్చితమైన స్వరస్థానంలో నిలపడం కష్టం.

మరొక చిక్కు ఉంది. వాదకులు తరచుగా రెండవ రంధ్రంలో పీల్చే స్వరాన్నే షడ్జంగా గ్రహిస్తారు. అప్పుడు వాద్యం ఇచ్చేది కైశికి నిషాదం. కర్ణాటక పరిభాషలో చెప్పాలంటే అవి 28వ మేళమైన హరికాంభోజి స్వరస్థానాలు (రాగలక్షణం కాదు, స్థానాలు మాత్రమే). బాణీల్లో అనేకం కోరేది కాకలి నిషాదం, అంటే 29వ మేళమైన ధీరశంకరాభరణం.

3. మార్చినవి మూడు రీడ్లు

చార్లీ మెకాయ్ వాదనతో ప్రసిద్ధమైన ‘కంట్రీ’ శ్రుతిలో ఐదవ రంధ్రంలో పీల్చే రీడును అర స్వరం పెంచుతారు. కైశికి నిషాదం కాకలి నిషాదమవుతుంది. న్యూజిలాండ్‌కు చెందిన బ్రెండన్ పవర్ రూపొందించిన ‘ప్యాడీ రిక్టర్’లో మూడవ రంధ్రంలో ఊదే రీడును ఒక పూర్తి స్వరం పెంచుతారు. ఆ రీడు ఇచ్చే స్వరం రెండవ రంధ్రంలో పీల్చినప్పుడూ వస్తుంది కనుక బాణీకి నష్టం లేదు. లీ ఆస్కర్ ‘మెలొడీ మేకర్’ ఈ రెండు మార్పులను కలిపి, తొమ్మిదవ రంధ్రంలో పీల్చే రీడునూ అర స్వరం పెంచింది. ఫలితం గమనార్హం. రెండవ రంధ్రంలో పీల్చడంతో మొదలుపెట్టి, ఒకసారి ఊది ఒకసారి పీల్చుతూ ఆరవ రంధ్రంలో ఊదేదాకా వెళితే, ఒక్క వంపు కూడా లేకుండా స రి గ మ ప ద ని స వరుసగా పలుకుతాయి.

దీనికి మూల్యం లేకపోలేదు. మొదటి మూడు రంధ్రాలను కలిపి ఊదినప్పుడు వచ్చే నిండైన స్వరమేళనం చెదురుతుంది. రెండు నుంచి ఐదు దాకా కలిపి పీల్చినప్పుడు వినిపించే బ్లూస్ ధ్వని పోతుంది. కోల్పోయిన కైశికి నిషాదాన్ని ఇక వంచే తెచ్చుకోవాలి. అంటే ప్రత్యామ్నాయ శ్రుతి వాద్యానికి చేసిన దిద్దుబాటు కాదు, ఒక బాణీ పక్షాన చేసిన ఎంపిక. ఛందస్సు పదాలను వడపోసినట్లే శ్రుతి బాణీలను వడపోస్తుంది. కవి మరో పద్యానికి వృత్తం మార్చవచ్చు, ఈ వాదకుడు జేబులోంచి మరో హార్మోనికా తీయాలి.

4. భజన హార్మోనియం

హైదరాబాదుకు పడమట, బీజాపూర్ రహదారి వెంట ఉన్న మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతపు గ్రామాల్లో భజనకు ఆధారం హార్మోనియం. అదీ గాలికి కంపించే ఇత్తడి రీడ్ల వాద్యమే. రెండింటినీ శ్రుతి చేసే పని ఒకటే. రీడు కొసను ఆకురాయితో గీకితే స్వరం పెరుగుతుంది, మొదలును గీకితే తగ్గుతుంది. తేడా ఎక్కడంటే హార్మోనియానికి పన్నెండు స్థానాలూ ఉన్నాయి, వంపు లేదు. గొంతు రెండు మెట్ల నడుమ నిలిచినప్పుడు పెట్టె అక్కడికి రాలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించడానికి, 1971 దాకా ఆ నిషేధం సడలకపోవడానికి ఈ లోపమే ప్రధానమైన ఆక్షేపణ.

ఆ ఆక్షేపణే నేటికీ భజనగాయకుల మీద ‘అపస్వరం’ అనే తీర్పుగా మిగిలింది. అయితే పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో జంటతీగలు తీసేసి ఒంటితీగలు పెట్టి, ఐదవ తీగ చేర్చినప్పుడు విమర్శకులు దాన్ని ప్రతిభగా గుర్తించారు. మెకాయ్ రీడు మార్చితే అది ఆవిష్కరణ. గ్రామంలో పెట్టె బాగుచేసే మనిషి గాయకుడి గొంతుకు అనువుగా ఒక రీడును గీకితే అది దోషమా? సభకు ఒక కొలత, గుడిముంగిటికి మరొక కొలత ఉండడం విమర్శకు తగదు.

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ (1958) తరువాతి పరిశోధన ప్రధానంగా పాఠాన్నే ఆశ్రయించింది. పాట ఏ శ్రుతిలో పాడారు, పెట్టెలో ఏ రీడు ప్రమాణానికి ఎంత ఎడంగా ఉంది, ఎవరు గీకారు, ఎందుకు గీకారు అన్నవి సేకరణ పత్రాల్లోకి అరుదుగా ఎక్కుతాయి. భజనల్లోకి ఎలక్ట్రానిక్ కీబోర్డు వస్తున్నది. దానిలో మీట నొక్కితే శ్రుతి మారుతుంది, జాడ మిగలదు. పాత పెట్టె మూత తీస్తే రీడ్ల మీద ఆకురాయి గీతలు ఇంకా కనిపిస్తాయి. కొసన ఉన్నవి స్వరం పెంచినవి, మొదట ఉన్నవి తగ్గించినవి.