అమ్మకు ఆఫ్ సీజన్ లేదు

కందకుర్తికి స్నానానికి వెళ్ళొచ్చినవాళ్ళంతా గోదావరిలో మునిగామనే చెబుతారు. మంజీరలో మునిగామని చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి గనక ఈ మాట కాస్త ధైర్యంగానే అంటున్నాను. నిజానికి అక్కడ గోదావరీ, మంజీరా, హరిద్రా మూడూ కలుస్తాయి. మహారాష్ట్ర దాటి గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేదీ అక్కడే. మంజీర సంగతి చూడండి. బాలాఘాట్ కొండల్లో పుట్టి, 700 కిలోమీటర్లకు పైగా నడిచి, దారిలో హైదరాబాదుకు మంచినీళ్ళు పోసి, 1931లో కట్టడం పూర్తయిన నిజాంసాగర్‌లో కాసేపు ఆగి, బోధన్ చుట్టుపక్కల వరికీ చెరకుకీ తడి పెట్టి, ఇంత చాకిరీ చేసుకుంటూ వచ్చి కందకుర్తి దగ్గర పేరు పోగొట్టుకుంటుంది. అక్కణ్ణుంచి సముద్రం దాకా పేరంతా గోదావరిదే.

ఇదేదో భూగోళశాస్త్రం అనుకొని పేజీ తిప్పేయకండి. ఇది సాహిత్య విమర్శే. మన సాహిత్యంలో అమ్మ ఎట్లా ఉందో చెబుదామని కూర్చున్నాను. కూర్చోగానే మంజీర గుర్తొచ్చింది, నేనేం చెయ్యను?

నా చిన్నప్పుడు పండగలకి సంగమానికి బండి కట్టించేవారు. సద్ది మూట కట్టేది అమ్మ. అందరి పొడిబట్టలూ సర్దేది అమ్మ. మేమంతా ఏటి మధ్య ఉన్న పాత శివాలయం దాకా వెళ్ళి, కేకలేస్తూ, ఒకళ్ళమీద ఒకళ్ళం నీళ్ళు చల్లుకుంటూ గంటసేపు మునిగేవాళ్ళం. అమ్మ ఒడ్డున కూర్చుని మా చెప్పులకు కాపలా కాసేది. అందరి తడిబట్టలూ పిండి ఆరేశాక, బండివాడు ఎడ్లను కడుతూంటే, గబగబా పోయి మూడు మునకలు వేసి వచ్చేది. ఇంటికొచ్చాక బాపు అనేవాడు గదా, "ఈసారి అందరం మంచిగ స్నానం చేసినం" అని. ఆ 'అందరం'లో అమ్మ కూడా ఉందనే మేం నమ్మాం.

మా ఇల్లు చెరకుమీద బతికిన ఇల్లు. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. చెరకు వ్యవహారంలో ఒక సుఖం ఉంది. సీజన్ అంటే రాత్రీ పగలూ మూడు షిఫ్టులు. వేసవి ముదిరేసరికి క్రషింగ్ అయిపోతుంది. ఇక ఆఫ్ సీజన్. యంత్రాలకు నూనె పెడతారు, అరిగిన పళ్ళచక్రాలు మారుస్తారు, సున్నం కొడతారు. ఇనుముక్కూడా ఏడాదిలో కొన్ని నెలలు విశ్రాంతి కావాలని కంపెనీలకు తెలుసు. మా ఇంట్లో మూడు షిఫ్టులూ చేసే మనిషి ఒకతి ఉండేది. ఆమెకు నూనె పెట్టాలని ఎవరికీ తోచలేదు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఊరూవాడా దిగులు పడింది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ దిగులులోనే ఉండి కూడా ఆ రాత్రి మేమంతా వేళకు తిన్నామన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తట్టలేదు.

సరే, విమర్శలోకి వద్దాం. ముందు సామెతలు. "అడగందే అమ్మయినా పెట్టదు" అని మనవాళ్ళొక సామెత పుట్టించారు. ఇంతకంటే పచ్చి అబద్ధం తెలుగులో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. మా అమ్మ అడిగినా పెట్టేది, అడక్కపోయినా పెట్టేది, వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పెట్టేది. ఆ సామెత కట్టినవాడు ఎవడో గానీ, వాడికి నాలుగోసారి రొట్టె అందడం ఒక్క క్షణం ఆలస్యమై ఉంటుంది. "అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు" అనేది ఇంకొకటి. దీన్ని మనం ఆఫీసుల్నీ ప్రభుత్వాల్నీ తిట్టడానికి వాడుకుంటాం. తిట్టవలసింది ఒకళ్ళని, అపవాదు వేసింది ఇంకొకళ్ళమీద! న్యాయంగా మాట్లాడిన సామెత ఒకటే కనిపిస్తోంది: తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట. ఇది మాత్రం ఎవరో ఆడమనిషి పుట్టించి ఉండాలి.

సినిమా అమ్మల గురించి ఎక్కువ రాయను, మీకు నాకంటే బాగా తెలుసు. ఒక కుట్టుమిషనూ, ఒక దగ్గూ, గోడమీద భర్త పటం. కొడుకు పరుగెత్తుకొచ్చి ఫస్టు క్లాసులో పాసయ్యానంటే కంటనీరు. పాత నవలల్లో అమ్మకు అంతకంటే పెద్ద ఉద్యోగమే ఉండేది: జబ్బు పడటం. పట్నంలో కథానాయకుడు దారి తప్పబోతూండగా, "తల్లికి సీరియస్, వెంటనే బయలుదేరు" అని తంతి. 2013 జులైలో తంతి సేవే ఎత్తేశారు. దానితో ఆ తల్లుల ఉద్యోగమూ పోయింది. ఇప్పటి కొడుకులు ఫోనులో "టాబ్లెట్ వేసుకున్నావా?" అని అడిగి ఊరుకుంటారు.

వీటన్నిటికీ విరుగుడు మన హాస్యంలో ఉంటుందని వెతికాను. భానుమతీ రామకృష్ణ గారి 'అత్తగారి కథలు' ఒక మినహాయింపు. అక్కడి అత్తగారు ఆవకాయ పెట్టినా, అరటికాయ పొడి కొట్టినా ఇల్లంతా ఆమె చుట్టూ తిరగవలసిందే. ఆమెను ఎవరూ లెక్కచెయ్యకుండా ఉండలేరు, ఉండనివ్వదు. నవ్వుతూనే ఉంటాం గానీ ఆమె చిన్నబోదు. చాలామంది మగ రచయితల హాస్యంలో జరిగేది దీనికి తలకిందులు. మొదటి పేరాలో అమ్మను దేవతను చేస్తారు, రెండో పేరాలో ఆమె చేసిన ఉప్మామీద జోకు వేస్తారు. దేవతను చెయ్యడంలో ఒక లాభం ఉంది సుమండీ. దేవతకు జీతం ఇవ్వక్కర్లేదు, సెలవు అంతకంటే అక్కర్లేదు.

సెలవంటే జ్ఞాపకమొచ్చింది. రంగనాయకమ్మ గారి కథ ఒకటుంది, 'అమ్మకి ఆదివారం లేదా?' అని. పేరే సగం కథ. ఒక్క ప్రశ్న గుర్తుతో ఇంత పని చేయించుకున్న రచయితలు తక్కువ. ఈ ప్రశ్నకు అమెరికావాళ్ళు తమకు తోచిన జవాబొకటి చెప్పారు. అన్నా జార్విస్ అనే ఆవిడ పట్టుబట్టి సాధిస్తే, 1914లో అధ్యక్షుడు విల్సన్ మే నెల రెండో ఆదివారాన్ని అమ్మ దినంగా ప్రకటించాడు. ఏడాదికి 52 ఆదివారాలుంటే ఒకటి! ఆ ఒక్కటీ పూలవాళ్ళకీ మిఠాయిలవాళ్ళకీ పోయిందని అన్నా జార్విస్ తాను తెచ్చిన పండగమీద తానే యుద్ధం చేసింది. ఐస్‌లాండు ఆడవాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. 1975 అక్టోబరు 24న నూటికి తొంభైమంది దాకా ఇంటా బయటా పని మానేసి వీధుల్లోకి వచ్చారు. ఆ రోజు తండ్రులు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకు పోవలసి వచ్చిందట, దుకాణాల్లో సులువుగా ఉడికే సాసేజీలన్నీ ఖాళీ అయ్యాయట. ఒక దేశం గుట్టంతా ఒక్క పూటలో బయటపడటమంటే అదీ.

మన దగ్గర గుట్టు లెక్కల్లో బయటపడింది. 2019లో కేంద్ర ప్రభుత్వం, మనుషులు ఇరవైనాలుగు గంటలూ ఏం చేస్తారో సర్వే చేసింది. జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్ళీ లెక్కపెట్టారు. ఆడవాళ్ళది 289కి దిగింది. పది నిమిషాలు తగ్గిందని నేను సంతోషించబోయాను. పక్క గడి చూద్దును గదా, మగవాళ్ళది 88కి దిగింది! ఆడవాళ్ళకి పది నిమిషాలు విశ్రాంతి దొరికితే, అంతలోనే తొమ్మిది నిమిషాలు మనమూ విశ్రాంతి పుచ్చుకున్నాం.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బందిపెట్టింది పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే'. ఈమెకే 2019లో ఒక అనువాదానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. మనందరం చిన్నప్పుడు విన్నదే, ఇల్లలుకుతూ అలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ. ఆ ఈగ పెద్దమ్మనడిగి, ఆమె కొడుకునడిగి, గొడ్డలినడిగి, మానునడిగి, చివరికి గుర్రం దగ్గర తన పేరు తెలుసుకుంటుంది. సత్యవతి గారు ఈగ చోట ఒక చదువుకున్న ఇల్లాలిని పెట్టారు, అంతే. ఆమె ఇల్లు చక్కగా అలికి, ముగ్గులు పెట్టి, ఒకరోజు హఠాత్తుగా తన పేరు మరిచిపోతుంది. పిల్లలనడిగినా, పనిమనిషినడిగినా వరస చెబుతారుగానీ పేరు చెప్పలేరు. పుట్టింటికి పోయి కన్నతల్లినడుగుతుంది. తల్లి ఏం చెబుతుందనుకున్నారు? నువ్వు నా పెద్దకూతురివంటుంది, చదివించిన చదువూ, ఇచ్చిన కట్నమూ, చేయించిన పురుళ్ళూ లెక్క చెబుతుంది. పేరు మాత్రం చెప్పదు.

విమర్శకులు ఈ కథను మెచ్చుకుంటూ భర్తనూ పిల్లలనూ తప్పుపట్టారు. నాకు మాత్రం ఈ తల్లి దగ్గరే గుండె ఝల్లుమంది. తనను ఎవరూ పేరుపెట్టి పిలవకపోవడానికి అలవాటుపడిన తల్లి, కూతురి పేరునూ ఆ అలవాటులోనే పోగొట్టింది. రచయిత్రి ఇక్కడ ఆగి ఉపన్యాసమివ్వకుండా ముందుకు సాగిపోవడం ఆ కథకున్న పెద్ద బలం. చివరికి దారిలో ఒక పాత స్నేహితురాలు కనిపించి "శారదా" అని పిలుస్తుంది. క్లాసులో ఫస్టు వచ్చినదీ, పాడినదీ, బొమ్మలు వేసినదీ అంతా శారదకు గుర్తొస్తుంది.

నా పేచీ కూడా ఇక్కడే. శారదకు వెతుక్కోవడానికి సర్టిఫికెట్లున్నాయి. ఫస్టు ర్యాంకు జ్ఞాపకముంచుకున్న స్నేహితురాలుంది. బడి మొహం చూడని మా అమ్మ ఎక్కడ వెతుక్కోవాలి? ఇది కథలో లోపం అనను. ఒక కథ అందరి అమ్మలనూ మొయ్యలేదు. కానీ ఆ కథ ముగిసిన చోట మా అమ్మ కథ ఇంకా మొదలే కాలేదనిపించింది.

అందుకని మొన్న ఊరికి పోయినప్పుడు ఆ కథను మా అమ్మకు చదివి వినిపించాను. మా వైపు పల్లెల్లో తల్లిని అవ్వ అనడం కద్దు. ఇరవయ్యేళ్ళ పిల్ల కూడా బిడ్డ పుట్టగానే అవ్వ అయిపోతుంది. మా ఇంట్లో పట్నం గాలి సోకి అమ్మ అయింది. ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ వింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది. అయిపోయాక అడిగింది.

"గా బిడ్డ పుట్టింటికి పోయిన దినం, ఇంట్ల పిల్లలకు ఎవ్వరు వండి పెట్టిండ్రు?"

నేను ఎన్నిసార్లు చదివానో ఆ కథను. ఈ ప్రశ్న నాకు రాలేదు. "ఆమె తిరిగొచ్చేసరికి ఇల్లంతా చిందరవందరగా ఉందట" అన్నాను.

"ఉంటది మరి" అంది. అని, వాళ్ళమీద జాలిపడిందో, శారదమీద జాలిపడిందో తెలియనివ్వకుండా చేట చెరిగింది.

"సరే గానీ, నిన్ను పేరుపెట్టి పిలిచేటోళ్ళు ఎవరున్నరే అమ్మా ఇప్పుడు?" అనడిగాను.

చాలాసేపు ఆలోచించింది. వాళ్ళమ్మ ఎప్పుడో పోయింది. తమ్ముళ్ళకు అక్క. బాపు ఉన్నన్నాళ్ళూ "ఇగో" అనేవాడు, అదే పేరు. వాడకట్టులో అందరికీ వదినో, పెద్దమ్మో. చివరికి మొహం విప్పారింది. "రేషన్ దుకాణపాయన పిలుస్తడు గద! నలుగుట్ల గట్టిగ పిలుస్తడు."

తర్వాత నాకు వెలిగింది. 2013 ఆహార భద్రతా చట్టం పదమూడో సెక్షన్ ప్రకారం రేషన్ కార్డుకు ఇంటి యజమాని ఇంట్లోని పెద్ద ఆడమనిషే. యాభై ఏళ్ళు సంసారం చేసినా ఇంట్లో రాని పెద్దరికం పార్లమెంటు ఇచ్చింది. ఆ పెద్దరికం తలమీదే బియ్యం సంచి కూడా ఇంటికొస్తుందనుకోండి, అది వేరే సంగతి.

ఈ వ్యాసంలో ఆమె పేరు రాస్తానన్నాను. కనీసం ఒక పత్రికలోనైనా ఉండనీ అని నా ఉబలాటం.

"నా పేరెందుకురా పత్రికల? చదివినోళ్ళు నవ్వుతరు. నీ పేరు వేసుకో, సాలు" అంది. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. మళ్ళీ తనే, "రాసుడు అయినంక తిందువు లే, రొట్టెలు సల్లారుతున్నయ్" అంది.

ఇన్ని మాటలు రాసినవాణ్ణి, ఆ పూటైనా సిగ్గుపడాలి గదా. "నువ్వు కూసో, నేనే పెట్టుకుంట" అని ఠీవిగా వంటింట్లోకి వెళ్ళాను. రొట్టెలు దొరికాయి, పచ్చిపులుసూ దొరికింది. అందులో ఉప్పు తక్కువైంది. ఉప్పు డబ్బా మాత్రం పది నిమిషాలు వెతికినా కనిపించలేదు. ఇక లాభం లేదని గుమ్మంలోకొచ్చి పిలిచాను, "అమ్మా!" అనే.