బరువు తగ్గిన దేహం – ప్లాస్టిక్ సర్జరీ: సౌందర్య, పునర్నిర్మాణ భావనల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

భారీగా బరువు తగ్గినవారికి వదులు చర్మం మిగిలిపోతుంది. దాన్ని తొలగించే శస్త్రచికిత్సను సమాజం 'అందం కోసం చేయించుకునేది'గా పరిగణిస్తోంది. ఈ అభిప్రాయం వైద్యశాస్త్రం కంటే భాష, కథనాలు, బీమా నిబంధనల ప్రభావంతోనే ఎక్కువగా ఏర్పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చరకసంహితలోని స్థూల, కృశ దేహాల వర్ణన, 2015 నాటి 'సైజ్ జీరో' చలనచిత్రం, 2019లో ప్రామాణీకరించిన ఆరోగ్య బీమా మినహాయింపులు అనే మూడు పాఠాలను పక్కపక్కన ఉంచి, సౌందర్యం, పునర్నిర్మాణం అనే విభజన ఈ దేహం విషయంలో ఎక్కడ విఫలమవుతుందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: స్థూలకాయం, వదులు చర్మం, ప్లాస్టిక్ సర్జరీ, పునర్నిర్మాణం, 'సైజ్ జీరో', ఆరోగ్య బీమా

1. ఉపోద్ఘాతం

బరువు తగ్గడాన్ని గురించిన కథనాలు సాధారణంగా తూకపు యంత్రం మీది అంకెతో ముగుస్తాయి. 'అప్పుడు – ఇప్పుడు' అంటూ ప్రచురించే జంట ఫొటోలలో రెండో ఫొటోలోని మనిషి నిండుగా దుస్తులు ధరించే ఉంటాడు. ఆ దుస్తుల కింద ఏమి మిగిలిందన్నది కథలోకి రాదు. నలభై, యాభై కిలోలు తగ్గిన వ్యక్తికి పొట్ట, చేతులు, తొడలు, రొమ్ము భాగాల్లో చర్మం మడతలుగా జారి ఉండిపోవచ్చు. ఏళ్ల తరబడి సాగిన చర్మంలో కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతింటాయి కనుక అది పూర్తిగా కుంచించుకోదు. వ్యాయామం కండరాన్ని పెంచుతుంది గానీ మిగులు చర్మాన్ని తొలగించలేదు.

జీర్ణాశయ పరిమాణాన్ని తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్సలు తెలుగు నగరాల్లో ఇప్పటికే పరిచితమయ్యాయి. 2025లో టిర్జెపటైడ్, బరువు తగ్గించేందుకు ఇచ్చే సెమాగ్లూటైడ్ సూదిమందులు భారత విపణిలోకి వచ్చాయి. కాబట్టి ఈ స్థితిని ఎదుర్కొనేవారి సంఖ్య పెరిగే అవకాశమే ఎక్కువ. వారి బాధను ఏ పేరుతో పిలవాలన్నది వైద్యులకే కాక విమర్శకులకూ సంబంధించిన ప్రశ్న.

2. పదజాలం, ప్రాచీన వర్ణన

తెలుగులో లావుకూ సన్నదనానికీ పదాలు విస్తారంగా ఉన్నాయి. బొద్దు, దుబ్బ, స్థూలకాయం ఒకవైపు; బక్క, సన్నం, చిక్కిపోవడం మరొకవైపు. లావు నుంచి సన్నదనానికి దాటినవారి ఒంటిపై మిగిలిన చర్మానికి మాత్రం వాడుకలో ప్రత్యేకమైన పేరు లేదు. 'సాగిపోయింది', 'వదులైంది', 'ముడతలు పడింది' అంటారు. ఇవన్నీ వార్ధక్యానికి వాడే మాటలే. ముప్పై ఏళ్ల వ్యక్తి తన దేహాన్ని ముసలితనపు మాటల్లో చెప్పుకోవలసి వస్తుంది.

చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో నిందితులుగా పేర్కొన్న ఎనిమిది రకాల దేహాలలో అతిస్థూలుడు, అతికృశుడు ఉన్నారు. కొవ్వు, మాంసం పెరగడం వల్ల పిరుదులు, ఉదరం, రొమ్ములు కదలాడుతూ ఉండటం స్థూలుని లక్షణంగా ఆ అధ్యాయం వర్ణిస్తుంది. పిరుదులు, ఉదరం, మెడ ఎండిపోయి చర్మమూ ఎముకలూ మాత్రమే మిగలడం కృశుని లక్షణం. ఈ రెండు వర్ణనలూ నిశితమైనవే. అయితే అవి రెండు స్థిరమైన స్థితులను చూపుతాయి. ఒక స్థితి నుంచి మరొక స్థితికి ప్రయాణించి, మొదటిదాని వేలాడే గుణాన్నీ రెండోదాని చర్మశేషాన్నీ ఒకే ఒంటిపై మోసే మనిషికి ఆ వర్గీకరణలో చోటు లేదు. వేగంగా, భారీగా బరువు తగ్గించే సాధనాలు లేని కాలంలో ఆ లోటు సహజమే. ఆ సాధనాలు అందుబాటులోకి వచ్చిన కాలంలోనూ అదే లోటు కొనసాగడం ఆలోచించవలసిన విషయం.

3. 'సైజ్ జీరో': రెండు దారుల కథనం

ప్రకాష్ కోవెలమూడి దర్శకత్వంలో 2015 నవంబరులో విడుదలైన 'సైజ్ జీరో' స్థూలకాయాన్ని నేరుగా కథావస్తువుగా తీసుకున్న అరుదైన తెలుగు చిత్రం. స్వీటీ పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగారు. లావు మనిషిని హాస్యానికి వాడుకునే సినీ సంప్రదాయంలో ఆమెను కథానాయికగా నిలపడం ఈ చిత్రం సాధించిన విజయం. కూతురి బరువును పెళ్లికి అడ్డంకిగా చూసే తల్లి ఆరాటం, త్వరగా సన్నబరుస్తామని ఆశపెట్టే క్లినిక్, దాని చికిత్సల వల్ల స్నేహితురాలు ప్రాణాపాయంలో పడటం, ఆ వ్యాపారంపై స్వీటీ సాగించే పోరాటం ఇందులోని ప్రధాన ఘట్టాలు.

చిత్రం విమర్శించిన వ్యాపారం నిజంగా విమర్శించదగినదే. అయితే కథ ప్రేక్షకుడి ముందు రెండు దారులనే ఉంచుతుంది: మోసపూరితమైన సన్నదనం ఒకటి, ఆత్మవిశ్వాసంతో కూడిన అంగీకారం రెండోది. మధుమేహం వల్లనో, నిద్రలో శ్వాస ఆగే రుగ్మత వల్లనో వైద్య సలహాపై బరువు తగ్గి, మిగిలిన దేహంతో జీవించే వ్యక్తి ఈ రెండు దారుల్లోనూ కనిపించదు. అలాంటి వ్యక్తికి 'నీ దేహాన్ని ప్రేమించు' అనే సందేశం పూర్తిగా సరిపోదు. మడతల కింద చెమట నిలిచి చర్మం ఒరిసిపోయి, ఫంగస్ ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు సమస్య అద్దంలోని బింబానికి పరిమితం కాదు. లంగా బొందు ఒరుసుకునే చోట, రవిక చేతి అంచు పట్టేసే చోట, కోస్తా వేసవి ఉక్కలో ఆ బాధ ఎలా ఉంటుందో వేరుగా వివరించనక్కరలేదు.

4. శస్త్రచికిత్స చేయగలిగినది, చేయలేనిది

దేహాకృతిని సరిదిద్దే శస్త్రచికిత్స బరువు తగ్గించే చికిత్స కాదు. బరువు తగ్గడం పూర్తయ్యాక చేసేది. బేరియాట్రిక్ శస్త్రచికిత్స తరువాత సాధారణంగా 12 నుంచి 18 నెలలు ఆగి, బరువు కనీసం కొన్ని నెలలు నిలకడగా ఉన్నదని నిర్ధారించుకున్నాకే దీనిని తలపెడతారు. ప్రోటీన్, ఇనుము, బి12 విటమిన్ లోపాలను ముందే సరిచేస్తారు. పొగతాగే అలవాటు గాయం మానడాన్ని దెబ్బతీస్తుంది కనుక దానిని మాన్పిస్తారు.

ఇందులోని ప్రక్రియల మధ్య తేడా చర్చకు కీలకమైనది. పన్నిక్యులెక్టమీ పొట్ట కింద వేలాడే చర్మపు మడతను మాత్రమే తొలగిస్తుంది. అబ్డామినోప్లాస్టీ దానితోపాటు సడలిన ఉదర కండరాలను బిగించి, బొడ్డును కొత్త స్థానంలో అమరుస్తుంది. నడుము చుట్టూ, చేతులకు, తొడలకు వేర్వేరు ప్రక్రియలున్నాయి. అన్నింటినీ ఒకేసారి కాక దశలవారీగా చేయడం పరిపాటి. కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్ ఒక్కటే ఈ వదులు చర్మానికి పరిష్కారం కాదు.

దీనికి చెల్లించే మూల్యమూ చిన్నది కాదు. గాయం విచ్చుకోవడం, చర్మం కింద ద్రవం చేరడం, ఇన్ఫెక్షన్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఇందులో ఉన్నాయి. అన్నీ సవ్యంగా జరిగినా పొడవైన మచ్చలు శాశ్వతంగా మిగులుతాయి. చర్మపు మడత పోయి దాని స్థానంలో మచ్చ వస్తుంది. కేవలం అందమే లక్ష్యమైతే ఇంత పెద్ద మచ్చలకు ఒప్పుకోవడాన్ని వివరించడం కష్టం. ఎందరో ఒప్పుకుంటున్నారంటే వారు కోరుతున్నది అందానికి మించినదని గ్రహించాలి. నడక, శుభ్రత, దుస్తులు అమరడం, నలుగురిలో మసలగలగడం వారి కోరికలో భాగాలు.

5. పునర్నిర్మాణం: దేనిని?

ప్లాస్టిక్ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి 'మలచడం' అని అర్థం. నేటి ప్లాస్టిక్ వస్తువులు పుట్టకముందే ఆ పదం శస్త్రవైద్యంలోకి వచ్చింది. తెలుగు పాఠకునికి మాత్రం ఆ మాటలో కృత్రిమత్వమే ముందుగా ధ్వనిస్తుంది. ఈ ధ్వని చికిత్సపై ఉన్న అనుమానాన్ని మరింత పెంచుతుంది.

పోగొట్టుకున్న సహజరూపాన్ని తిరిగి ఇచ్చేది పునర్నిర్మాణం, సహజరూపాన్ని మించాలని చేసేది సౌందర్య చికిత్స అన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న విభజన. కాలిన గాయాలకూ, యుద్ధంలో చితికిన ముఖాలకూ ఇది చక్కగా వర్తిస్తుంది. చిన్ననాటి నుంచి స్థూలకాయంతో ఉన్న వ్యక్తికి తిరిగి ఇవ్వవలసిన పూర్వరూపం ఏది? ఆ వ్యక్తికి అలాంటి రూపం ఎన్నడూ లేదు. తిరిగి పొందవలసినది లేదు కనుక ఈ చికిత్స పునర్నిర్మాణం కాదని తర్కించవచ్చు. రోగి కోరుతున్నది సాధారణత్వాన్నే కనుక ఇది సౌందర్య చికిత్సా కాదని కూడా తర్కించవచ్చు. ఈ దేహం ఆ విభజనకు లొంగడం లేదంటే లోపం విభజనలోనే ఉందని అర్థం.

దీనికి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. సుశ్రుతసంహిత తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి అమర్చే పద్ధతిని వివరిస్తుంది. ముక్కు కోయడం శిక్షగా, అవమానంగా ఉన్న సమాజాల్లో ఆ చికిత్స మనిషికి రూపంతోపాటు పరువును కూడా తిరిగి ఇచ్చింది. అది కంటికి కనిపించే రూపానికి సంబంధించినదే అయినా దానిని ఎవరూ విలాసంగా భావించలేదు. రూపమూ, సామాజిక జీవనమూ విడదీయరానివన్న సంగతిని భారతీయ శస్త్రవైద్య సంప్రదాయం ఆనాడే గుర్తించిందనడానికి ఇది నిదర్శనం.

6. రెండు నిబంధనల మధ్య చిక్కిన దేహం

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2019లో ఆరోగ్య బీమా మినహాయింపుల పదజాలాన్ని ప్రామాణీకరించింది. స్థూలకాయానికి సంబంధించిన ఆరో మినహాయింపు కొన్ని షరతులతో శస్త్రచికిత్సకు దారి ఇస్తుంది. శరీర ద్రవ్యరాశి సూచిక 40 లేదా అంతకు మించి ఉండాలి. లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి గుండెజబ్బు, తీవ్రమైన నిద్రాశ్వాస రుగ్మత, అదుపులో లేని మధుమేహం వంటివి తోడవ్వాలి. ఇతర పద్ధతులు విఫలమై, వైద్యుడు సలహా ఇచ్చి ఉండాలి.

ఎనిమిదో మినహాయింపు సౌందర్య లేదా ప్లాస్టిక్ సర్జరీకి సంబంధించినది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణానికి, ప్రత్యక్షమూ తక్షణమూ అయిన ఆరోగ్య ముప్పును తొలగించేందుకు వైద్యుడు ధ్రువీకరించిన చికిత్సకు మాత్రమే ఇది మినహాయింపు నుంచి సడలింపు ఇస్తుంది.

ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు వైరుధ్యం బయటపడుతుంది. ఆరో నిబంధన స్థూలకాయాన్ని రోగంగా అంగీకరిస్తుంది. ఆ రోగానికి చేసిన చికిత్స వల్లనే ఏర్పడిన స్థితి ఎనిమిదో నిబంధన జాబితాలో లేదు. క్యాన్సర్ చికిత్స తరువాతి పునర్నిర్మాణం చికిత్సలో భాగమైతే, స్థూలకాయ చికిత్స తరువాతిది ఎందుకు కాదన్న ప్రశ్నకు నిబంధనలో జవాబు లేదు. 'తక్షణ' అన్న ఒక్క విశేషణం ఇక్కడ నిర్ణాయకమవుతుంది. నెలల తరబడి మందులకు లొంగని చర్మవ్యాధి ప్రత్యక్షమైనదే, కానీ తక్షణమైనదని నిరూపించడం కష్టం. ఒకవేళ పొట్ట మడతకు అనుమతి లభించినా, చేతులూ తొడలూ అందం ఖాతాలోకే పోయే అవకాశం ఎక్కువ. ఫలితంగా ఖర్చు భరించగలవారికి చికిత్స, మిగిలినవారికి మౌనం అన్న స్థితి ఏర్పడుతుంది.

అయితే ప్రతి ప్రక్రియనూ వైద్యావసరంగా ప్రకటించడం దీనికి జవాబు కాదు. అలా చేస్తే 'సైజ్ జీరో' విమర్శించిన వ్యాపారానికే కొత్త పేరు దొరుకుతుంది. కావలసినది కొలమానంలో మార్పు. చికిత్స పేరును కాక, చర్మపు మడత రోగి కదలికకూ శుభ్రతకూ దైనందిన జీవనానికీ కలిగిస్తున్న ఆటంకాన్ని చూసి నిర్ణయించాలి.

7. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. బరువు తగ్గిన దేహానికి తెలుగు వాడుకలో సొంత పదజాలం లేదు. వార్ధక్యపు పదాలను అరువు తెచ్చుకోవడం వల్ల ఆ స్థితి ప్రత్యేకత మరుగున పడుతోంది.

2. స్థూలకాయంపై సానుభూతి చూపిన 'సైజ్ జీరో' వంటి కథనం కూడా వంచన, అంగీకారం అనే రెండు దారులకే పరిమితమైంది. వైద్యావసరం కొద్దీ బరువు తగ్గినవారి తదనంతర జీవితం తెలుగు కథనాల్లో ఇంకా చోటు పొందవలసే ఉంది.

3. పూర్వరూపం లేని దేహం విషయంలో సౌందర్యం, పునర్నిర్మాణం అనే విభజన నిలవదు. దానిపై ఆధారపడిన బీమా నిబంధన చికిత్స తొలి దశను గుర్తించి మలి దశను విస్మరిస్తోంది.

4. ఈ శస్త్రచికిత్సకు వాస్తవమైన ప్రయోజనాలు, వాస్తవమైన ప్రమాదాలు రెండూ ఉన్నాయి. రెండింటినీ బరువు తగ్గించే చికిత్స మొదలుపెట్టే రోజునే రోగికి తెలియజేయడం వైద్యనైతికతలో భాగం కావాలి.