ఉచితం ఎన్నాళ్లు?

వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడం నా పని. సైట్ మొదలైన కొన్నాళ్లకు యజమానులు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "డబ్బులు ఎప్పటినుంచి తీసుకుందామండీ?" పదివేలమంది చేరాక అని చాలామంది ముందే లెక్కేసుకుని ఉంటారు. ఆ లెక్క మీద నాకు నమ్మకం లేదు. ఊరికే వచ్చి చూసిపోయేవాళ్లు ఎంతమంది పెరిగినా సర్వర్ బిల్లు పెరుగుతుందే గానీ, రేపు రూపాయి తీసేదెవరో తెలియదు.

గ్రూప్-2కు చదివేవాళ్ల కోసం నాకు తెలిసిన కుర్రాడొకడు రోజుకో మోడల్ టెస్ట్ పెట్టేవాడు, అంతా ఉచితమే. ఓ రాత్రి జ్వరమొచ్చి పెట్టలేకపోయాడు. తెల్లారేసరికి వాట్సాప్ నిండా మెసేజీలు. "అన్నా, ఇవాళ్టి టెస్ట్ ఏదీ?" "నిన్నటి కీ అయినా పెట్టన్నా." ఫోన్ నా చేతికిచ్చి చూపించాడు. ఇక ఆలస్యం చెయ్యొద్దన్నాను. ఒక్కపూట లేకపోతేనే ఇంత వెతుక్కుంటున్నారంటే, దానికి వెల చెల్లించడానికి వాళ్లు సిద్ధంగా ఉన్నట్టే.

ఎలా అడగాలన్నది ఇంకా సున్నితమైన సంగతి. చేతికిచ్చింది లాక్కుంటే ఎవరికైనా మనసు విరుగుతుంది. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వ ఆపేసింది. ఆ సంగతి ఆరు నెలల ముందే చెప్పింది. ఆ ఉచిత పద్ధతిలో అప్పటికే దాచుకున్న ఫోటోల జోలికి పోలేదు. న్యూయార్క్ టైమ్స్ 2011లో నెలకు 20 వ్యాసాలు ఉచితంగా వదిలి, అంతకు మించి చదివేవాళ్లనే చందా అడిగింది. మావాడూ పాత టెస్టులు అలాగే ఉంచి, కొత్తవాటికీ జవాబుల వివరణకూ నెలకు 99 రూపాయలు పెట్టాడు.

జియో 2016లో నెలల తరబడి ఉచితంగా ఇచ్చింది కదా అంటారు. దాని వెనక రిలయన్స్ పెట్టుబడి ఉంది. జీతంలోంచి సర్వర్ అద్దె కట్టుకునేవాళ్లకు ఆ దారి పనికిరాదు. చేతిలో డబ్బు అయిపోయేదాకా ఆగితే, వాడేవాళ్లు ఎంత ఇవ్వగలరో చూడకుండా మన అప్పు చూసి ధర పెడతాం. అది నిలవదు.

కొత్తగా సైట్ పెడుతున్నవాళ్లను నేను కోరేదొక్కటే. తేదీ తేలకపోయినా సరే, "ప్రస్తుతానికి ఉచితం, ముందు ముందు రుసుము ఉంటుంది" అని మొదటిరోజే మొదటి పేజీలో రాయండి.