రాని జమ

ఈ వారము ఒక బ్యాంకువారు పంచిపెట్టిన కరపత్రమొకటి నా చేతికి వచ్చినది. నున్నని కాగితము, పైన చిరునవ్వులు చిందించుచున్న తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, క్రింద, బుద్ధిమంతుడగు గృహస్థుడు ఆరునెలల ఖర్చునకు సరిపడు మొత్తమును ఆపత్కాలమునకై వేరుగా నుంచుకొనవలెననియు, ఆదాయములో ముందు పొదుపును తీసి మిగిలినదానినే వ్యయము చేయవలెననియు హితబోధ. బోధలో తప్పేమియు లేదు. ఈ శీర్షికను విడువక చదువు మిత్రులకు నా పద్దుల పిచ్చి తెలియనిది కాదు. ప్రతి ఉగాదికిని, పంచాంగమువారు చెప్పు ఆదాయ వ్యయములను వినబోవువారిని దారిలో ఆపి, మీ ఆదాయ వ్యయములను మీరే వ్రాసికొనుడని విసిగించువాడను నేను. కావున ఆ కరపత్రము నాకు నచ్చవలసినదే. మా మేడమీది వాటాలో అద్దెకున్న అమ్మాయి దానిని చూడకుండిన యెడల నచ్చియుండెడిదే.

ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆరవ తరగతి చదువుచున్న కూతురు తోడు. భర్త వేరొక ఊర సుఖముగానే ఉన్నాడు గాని, ఇటు ఒక్క రూపాయియు పంపడు. ఆమె ఆ కాగితమును ఆసాంతము చదివి, మడిచి నా చేతికిచ్చి, "అంతా బాగానే ఉంది బాబాయిగారూ, ఇరవయ్యో తారీఖు దాటించే ఉపాయం మాత్రం ఎక్కడా రాయలేదే!" అని నవ్వినది.

పద్దు వ్రాయుము, దారి అదియే కనిపించునని అలవాటు చొప్పున చెప్పబోయి, మా అమ్మ తలపునకు రాగా ఆగితిని.

మా అమ్మ తెనాలిలో కుట్టుపని చేసి మమ్ము పెంచినది. తండ్రిగారు నా చిన్ననాటనే ఇల్లు విడిచిరి. చనిపోలేదు, విడిచిరి. చనిపోయిన యెడల ఊరివారి జాలియైన దక్కెడిది. అమ్మకు ఒక మిషను, రెండు గాజులు, ఒక పద్దు పుస్తకము. ఆ పుస్తకము ఇప్పటికిని నా యొద్దనున్నది. పొడుగాటి బౌండు పుస్తకము, ఎఱ్ఱ గుడ్డ అట్ట; ప్రతి పుట నడుమ నిలువుగా గీత, ఎడమ జమ, కుడి ఖర్చు. ఆమె చదివినది ఐదవ తరగతి వఱకే యైనను, కూడికలో పైసా తేడా ఉండదు.

పొదుపు సూత్రములు వ్రాయువారు ఆ పుస్తకమును చూడవలసినది. ఏలయన అందులో పొదుపు లేదు. ఉన్నది వేఱొక విద్య. చాలని డబ్బును ఎవరికి ముందు ఇయ్యవలెను, ఎవరిని ఎన్నాళ్లు ఆపవలెను అను విద్య. మొదట చీటీ కంతు. మా వీధి పెద్దావిడ నడిపిన చీటీని నా కళాశాల ప్రవేశమునకై అమ్మ పాడుకొన్నది. పాడుకొన్న తరువాత కంతు తప్పినచో ఆ భారము పూచీపడిన ఇరుగుపొరుగుపై పడును గనుక, పొయ్యి వెలుగకున్నను ఆ కంతు ఆగలేదు. తరువాత కిరాణా కొట్టు. ఆపైన పాలు. ఇంటి అద్దె నాలుగవది. ఇంటి యజమాని నెలకొక్కనాడు కేకలు వేయును, కొట్టువాడు అరువు ఆపినచో ఆ పూటయే కంచము ఖాళీ యగును, ఇది ఆమె తర్కము. గాజులు జూన్ మాసమున బడులు తెఱచునప్పుడు తాకట్టునకు పోయి, సంక్రాంతికి జాకెట్ల పని ఎక్కువైనప్పుడు ఇంటికి వచ్చెడివి. పని చాలని ఏడు వడ్డీ మాత్రము కట్టి తిరుగవ్రాయించెడిది.

చేబదుళ్ల సంగతి మరియు చిత్రము. ఏ యింట ఎంత తెచ్చినది, ఏ తేదీన తిరిగి ఇచ్చినది వరుసగా వ్రాసియుండును. ఆ వరుసను శ్రద్ధగా చూచిన యెడల, ఒకసారి అడిగిన ఇంటిని ఆ సంవత్సరములో మరల అడుగకుండునట్లు ఇండ్లను తిప్పుచు వచ్చినదని తెలియును. పంచాంగములో ప్రతి రాశికిని ఆదాయము, వ్యయము, రాజపూజ్యము, అవమానము అని నాలుగు లెక్కలుండును గదా. పద్దు పుస్తకములో మొదటి రెండింటికే చోటు. మా అమ్మ నాలుగవదానిని కూడ లెక్క తప్పకుండ వాయిదాలపై చెల్లించినదని నాకు పెద్దవయస్సున గాని బోధపడలేదు.

ఇంతటి పుస్తకములో, కొత్తిమీర కట్టను కూడ మఱువని పుస్తకములో, ఒక్క పేరు మాత్రము లేదు. మా తండ్రిగారిది. ఆయన అప్పటికి పొరుగు జిల్లాలో నెలజీతగాడు. ఊరందరికి తాను బాకీపడినది అణా పైసలతో వ్రాసికొన్న మనిషి, తనకు అందరికంటె ఎక్కువ బాకీపడినవానిని జమ వైపున ఒక్క గీతతోనైన పేర్కొనలేదు. చట్టము లేకపోలేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 125వ సెక్షను ఉండెను. భార్యను, బిడ్డలను పోషింపక విడిచినవానిచేత నెలనెలా మనోవర్తి ఇప్పించుటకు మేజిస్ట్రేటుకు అధికారము ఉండెను. గరిష్ఠ పరిమితి 500 రూపాయలు, ఆ కాలమున మా యింటికి అది చిన్న మొత్తము కాదు. మా మేనమామ ఒకసారి ఈ మాట ఎత్తగా అమ్మ, "ఇచ్చేవాడైతే అడగాలా? అడిగితే ఇచ్చేవాడా?" అని మిషను చక్రమును గట్టిగా త్రిప్పినది. ఆ మాటను ఆత్మగౌరవమని నేను చిరకాలము మెచ్చుకొంటిని. ఇప్పుడు అంతగా మెచ్చుకొనజాలను.

మేడమీది అమ్మాయి మనోవర్తి అడిగినది. కేసు వేసి ఏడాది యైనదట. వకీలుగారు నెల ఖర్చులన్నియు వ్రాసి తెమ్మన్నారట. ఇది ఆయన ఊరక అడిగినది కాదు. పై సెక్షనులోని 500 రూపాయల పరిమితిని 2001లో తొలగించిరి. 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజ్నేష్, నేహాల వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, మనోవర్తి కోరువారును ఇయ్యవలసినవారును తమ ఆస్తి అప్పులను, రాబడిని, ఖర్చును ప్రమాణపత్రముగా దాఖలు చేయవలెననియు, మనోవర్తిని దరఖాస్తు చేసిన నాటినుండియే ఇప్పించవలెననియు నిర్దేశించినది. కోడు మారి, 2024 జూలై నుండి ఆ సెక్షను నాగరిక సురక్షా సంహితలో 144వది యైనది.

ఆమె తెచ్చిన కాగితమును చూచి నేను మొదట సంతోషించితిని. ఎంత పొందికగా వ్రాసినది! కూరగాయలు ఇంత, వ్యాను ఇంత, గ్యాసు ఇంత. రెండవసారి చదువగా సంతోషము నిలువలేదు. అన్నియు తక్కువ. వ్యాను ఖర్చు తక్కువ, ఏలయన రెండు నెలలనుండి పిల్ల నడిచి పోవుచున్నది. ట్యూషను పద్దు లేదు, మాన్పించినది గనుక. వైద్యమునకు సున్న, తన పంటి నొప్పికి మందులకొట్టులో ఇచ్చిన బిళ్లతో సరిపెట్టుకొనుచున్నది. "ఇదేమమ్మా, ఇంత తక్కువ వేశావు?" అంటిని. "ఖర్చు పెట్టనిది ఎలా రాస్తానండీ, అబద్ధం అవదూ?" అని ఆమె. నిజమే, ప్రమాణపత్రములో అబద్ధము కూడదు. కాని, పొదుపు చేసి చేసి, అవసరమునే పద్దులోనుండి తుడిచివేసిన తల్లి, తన బిడ్డకు ఏమియు అక్కఱలేదని తన చేతివ్రాతతోనే సాక్ష్యమిచ్చుచున్నది. నేను ఏటేట ఈ పుటలో ప్రశంసించిన మితవ్యయము ఇచ్చట అవతలి వకీలునకు ఉపకరించును. పెట్టుచున్న ఖర్చు ఒక పట్టికగాను, పెట్టలేక మానినవి ఇవి, మానిన తేదీ ఇది యని మఱియొక పట్టికగాను వ్రాసి వకీలుగారికి చూపుమంటిని.

పద్దు పుస్తకము మనల నదుపులో నుంచుకొనుటకని నేను ఇన్నాళ్లు వాదించితిని. అదుపు కావలసినవారు వేఱు. ఇరవయ్యవ తేదీకే చేతులు ఖాళీయగు మనిషికి ఖర్చును తగ్గింపుమని చెప్పుట, ఆమె యెరిగిన పాఠమునే ఆమెకు తిరిగి అప్పజెప్పుట. ఆమెకు పుస్తకము కావలసినది రావలసినదానిని అడుగుటకు. కరపత్రము మీది బొమ్మలో తండ్రి నిలుచున్నాడు గదా, లోకము ఆ బొమ్మను నమ్మియే కాగితములు తయారుచేయును. రచయిత్రి గీతా హరిహరన్ తన కుమారుని పేర బాండ్లు కొనబోగా, రిజర్వు బ్యాంకు తండ్రి సంతకము అడిగినది. తండ్రి పట్టించుకొనని యెడల ఆయన బ్రదికియుండగనే తల్లియు సహజ సంరక్షకురాలు కావచ్చునని సుప్రీంకోర్టు చెప్పునప్పటికి 1999వ సంవత్సరము వచ్చినది. సంతకమునకే అంత కాలము పట్టిన దేశమున రూపాయి సులువుగా వచ్చునని నేను ఆ అమ్మాయికి చెప్పలేదు. ఉత్తర్వు వచ్చినను, ఉద్యోగములు మార్చుకొనుచు తప్పించుకొను మగవారు ఎందరో కలరు.

అయినను ఒకటి గట్టిగా చెప్పితిని. ఉత్తర్వు వచ్చిన పిదప, ఏ నెల సొమ్ము రాలేదో ఆ నెలను జమ వైపున తేదీతో సహా, "రాలేదు" అని వ్రాసికొనవలెను; బాకీపడిన నాటినుండి ఏడాదిలోగా దరఖాస్తు చేసికొననిచో ఆ బాకీకై వారంటు పుట్టదని చట్టము. కొత్తిమీర కట్ట వ్రాయుట మఱచినను మఱువవచ్చును. ఆమె, "అయితే కొత్త పుస్తకం కొనాలి, అదొక ఖర్చు" అనినది. ఆ ఖర్చును కూడ వ్రాయుమంటిని.