గురికి రెండర్థాలు: జిమ్ కార్బెట్ వేట కథనంలో బోల్టు రైఫిలు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో ‘గురి’ అంటే లక్ష్యం, ఆ లక్ష్యాన్ని కొట్టగల నేర్పు. నమ్మకమనే అర్థం కూడా ఈ మాటకు ఉంది. గురువు మీద గురి అంటాం, ఫలానా వైద్యుడి మీద గురి కుదిరిందంటాం. వేట సాహిత్యంలో ఈ రెండర్థాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తుపాకి గురి ఎంత సూటిగా ఉంటే, ఆ తుపాకి పట్టుకున్న కథకుడి మీద పాఠకుడికి అంత గురి కుదురుతుంది. ఈ కలయిక ఎలా జరుగుతుందో, దాని మాటున ఏది కనబడకుండా పోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆధార గ్రంథం 1944లో వెలువడిన జిమ్ కార్బెట్ రచన ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’.

తార్నాకలో పాత పుస్తకాల బండి మీద కొన్న ఈ పుస్తకం ప్రతిని ఒక సెమినార్ తరగతికి తీసుకువెళ్లాను. చర్చ ముగిసే వేళకు ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. “అన్ని ఊళ్లలో అంతమంది చనిపోతుంటే, ఒక్కరి దగ్గరా పనికొచ్చే తుపాకి ఎందుకు లేదు?” నేను అప్పటికి శైలి గురించి, కథన శిల్పం గురించి చాలా చెప్పి ఉన్నాను. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు.

బహుమతిగా వచ్చిన తుపాకి

కార్బెట్ పేరుతో విడదీయరాకుండా ముడిపడిన తుపాకి .275 రిగ్బీ. జర్మనీకి చెందిన మౌజర్ బోల్టు యంత్రం మీద లండన్‌లోని జాన్ రిగ్బీ సంస్థ తయారుచేసిన వేట రైఫిలు ఇది. ఇందులో వాడే తూటా 1890ల నాటి 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే. రిగ్బీ వారు దానికి ఇంగ్లీషు కొలతలో.275 అని పేరు పెట్టారు. చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు గుర్తింపుగా సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ ఈ రైఫిలును కార్బెట్‌కు బహూకరించాడు. ఆ సంగతి దాని మడమకు బిగించిన వెండి రేకు మీద చెక్కి ఉంది. ఆ పులి 436 మందిని చంపిందని లెక్క.

ఇక్కడ కథనంలో ఒక వింత ఉంది. ఇంత సూటైన రైఫిలు ఏ ఘట్టానికి బహుమతిగా వచ్చిందో, ఆ ఘట్టంలోని చివరి గుండు గురి తప్పింది. కార్బెట్ తన దగ్గరున్న మూడు తూటాలూ వాడేశాక, తహసీల్దారు చేతిలోని పాత తుపాకి అందుకుని పరుగెత్తుతాడు. అది గొట్టానికీ వెనుక భాగానికీ మధ్య సందు పడిన తుపాకి. ఇరవై అడుగుల దూరంలో తెరిచి ఉన్న పులి నోటికి గురిపెడితే గుండు ముందరి పాదానికి తగిలింది. అప్పటికే తగిలిన గాయాలతో పులి చివరి శ్వాసలో ఉంది కాబట్టి సరిపోయింది. ఈ పొరపాటును కార్బెట్ దాచలేదు. ఇంకా చెప్పాలంటే, తప్పిన గుండును అంత వివరంగా చెప్పడం వల్లనే తరువాతి కథల్లో తగిలిన ప్రతి గుండునూ మనం నమ్ముతాం. గురికి ఉన్న రెండో అర్థం పుస్తకం మొదటి కథలోనే ఇలా పనిచేయడం మొదలుపెడుతుంది.

గురి అంటే ఏమిటి?

చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో .22 రైఫిలుతో నేల మీద బోర్లా పడుకుని కాల్చినవారికి ‘గ్రూపింగ్’ అనే మాట గుర్తుంటుంది. ఐదు గుండ్లూ ఒకే చోట పడటం వేరు, అవి లక్ష్యం నడిమధ్యన పడటం వేరు. మొదటిది ప్రధానంగా తుపాకి గుణం, కాల్చేవాడి నిలకడ. రెండోది చూపుకుట్టును సరిచేసుకోవడంతో వచ్చేది. నా ఐదు గుండ్లూ ఒక మూల గుంపుగా పడితే శిక్షకుడు మెచ్చుకున్నాడు. ఒక్కటీ నడిమధ్యన లేదు కదా అని నాకు అర్థం కాలేదు. గుంపు కుదిరితే మిగతాది సరిచేయవచ్చునన్నది ఆయన లెక్క.

బోల్టు రైఫిలు ఆకర్షణ ఈ గుంపు కుదరడంలోనే ఉంది. పిడిని పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు బయటపడుతుంది. ముందుకు నెట్టి కిందికి దించితే కొత్త తూటా గదిలోకి వెళ్లి, బోల్టు ముందరి కొమ్ములు తాళంలా బిగుసుకుంటాయి. ఒకే గొట్టం, ఒకే గట్టి బిగింపు. ఆ కాలపు దొరలు పెద్ద జంతువులకు వాడిన జంట గొట్టాల రైఫిలు వెంట వెంటనే రెండు గుండ్లు ఇస్తుంది. అయితే ఆ రెండు గొట్టాలూ ఒక నిర్ణీత దూరంలో ఒకే చోట కొట్టేలా పనివాడు చేత్తో సరిచేయాలి. అది బరువు, ఖరీదు కూడా. దక్షిణాదిన, చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథతో సహా ఎన్నో వేట కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ వాడింది .405 వించెస్టర్. అది బోల్టు రైఫిలు కాదు, లీవరుతో నడిచేది. అందుకేనేమో ఆండర్సన్ కథల్లో తుపాకి చప్పుడు ఎక్కువ వినబడుతుంది, కార్బెట్ కథల్లో తుపాకికి ముందరి నిశ్శబ్దం ఎక్కువ వినబడుతుంది. ఇది పాఠకుడిగా నా అభిప్రాయం మాత్రమే.

ఆఫ్రికాలో ఏనుగులను వేటాడిన డబ్ల్యు. డి. ఎం. బెల్ ఇదే .275 తూటాతో వందల ఏనుగులను కూల్చాడు. ఆయన నమ్ముకున్నది గుండు బలాన్ని కాదు, ఏనుగు కపాల నిర్మాణాన్ని. మెదడు ఎక్కడుందో తెలిసినవాడికి చిన్న గుండు చాలు. అంటే గురి శరీర శాస్త్ర జ్ఞానం కూడా. కార్బెట్‌లో ఆ జ్ఞానం స్థానం మారుతుంది. పులి శరీరం కన్నా అడవి శరీరమే ఆయనకు ఎక్కువ తెలుసు. కాకర్ అనే లేడి అరుపు, కొండముచ్చు హెచ్చరిక, ఆకు మీది తడి, ఇసుకలో అడుగు అంచు. పేజీల కొద్దీ సాగే ఈ సంకేతాల పఠనం తరువాత గుండు పేలడం ఒక్క వాక్యంలో ముగుస్తుంది.

ఎనిమిది అడుగుల దూరం

చౌగఢ్ ఆడపులి కథలోని ముగింపు ఘట్టం (1930 ఏప్రిల్) ఈ పుస్తకంలో అత్యంత ప్రసిద్ధం. కార్బెట్ ఎడమచేతిలో రెండు పక్షి గుడ్లున్నాయి. గూడులో దొరికిన వాటిని తన సేకరణ కోసం జాగ్రత్తగా పట్టుకుని నడుస్తున్నాడు. కుడిచేతిలో ఛాతీకి అడ్డంగా రైఫిలు. పెద్ద బండ దాటి తల తిప్పి చూస్తే ఎనిమిది అడుగుల దూరంలో పులి. ఒంటి చేత్తోనే రైఫిలును అంగుళం అంగుళంగా, దాదాపు ముప్పావు వృత్తం తిప్పి, చాచిన చేత్తో పేలుస్తాడు.

ఇక్కడ రైఫిలు సూక్ష్మతకు ఏ పనీ లేదు. ఎనిమిది అడుగుల దూరానికి ఏ తుపాకి అయినా తగులుతుంది. ఉపయోగపడింది దాని తేలికదనం. కార్బెట్ కూడా కథ చివర తన లెక్క తనే వేసుకుంటాడు. చేతిలోని గుడ్లు, తేలికైన రైఫిలు, ఎదురైనది నరభక్షకి కావడం. తనకు ప్రతికూలమనిపించే ఈ మూడే తనను కాపాడాయంటాడు. చేతిలో గుడ్లు లేకపోతే రెండు చేతులతో రైఫిలు పట్టి గిరుక్కున తిరిగేవాడు, పులి దూకేది. బరువైన రైఫిలు అయితే ఒంటి చేత్తో తిప్పలేకపోయేవాడు. తరువాత ఆ గుడ్లను మళ్లీ గూటికి చేరుస్తాడు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా సాహసానికి ఉదాహరణగా చదువుతారు. నేను దీన్ని వేట కథ తన మీద తానే చేసుకున్న విమర్శగా చదువుతాను. అప్పటిదాకా గురి అంటే దూరం, నిలకడ, నేర్పు అని నమ్మించిన కథకుడు, కీలక క్షణంలో అవేవీ అక్కరకు రాలేదని ఒప్పుకుంటున్నాడు. మిగిలింది కదలకుండా ఉండగలగడం. అది కూడా చేతిలో పగిలిపోయే వస్తువు ఉన్నందువల్ల.

మన పురాణాల వేట

వేటలో గురి తప్పకపోవడాన్ని మన కథలు వేరే విధంగా చూశాయి. దశరథుడు శబ్దవేధి. సరయూ తీరంలో చీకట్లో కుండ నిండే చప్పుడు విని, ఏనుగు నీళ్లు తాగుతున్నదనుకుని బాణం వేశాడు. గురి తప్పలేదు, ముని కుమారుడి ప్రాణం పోయింది. పాండురాజు మృగ రూపంలో ఉన్న కిందముని కొట్టాడు. ఆ బాణాలూ తప్పలేదు; శాపం వచ్చింది. శ్రీకృష్ణుడి పాదాన్ని లేడి అనుకున్న జరుడి బాణమూ అంతే. తప్పిన బాణం ఒక్కదాని వల్ల కూడా మన ఇతిహాసాల్లో శాపం పుట్టినట్టు నాకు గుర్తులేదు. ధూర్జటి చిత్రించిన తిన్నడి కథలో వేటగాడి బాణం చివరకు తన కంటినే పెకలిస్తుంది. అక్కడా గురి కోసం కాలితో గుర్తు పెట్టుకోవలసి వచ్చింది.

ఇందుకు భిన్నంగా ఇంగ్లీషు షికారు కథలో సరిగ్గా తగిలిన గుండు ప్రాయశ్చిత్తం వంటిది. తగిలితే జంతువుకు బాధ లేదు, వేటగాడికి పాపం లేదు. గాయపరచి వదిలేయడమే ఆ లోకంలో పాపం. ఈ నీతికి తగిన సాధనంగానే బోల్టు రైఫిలుకు ఆ గౌరవం దక్కింది. చంపడమా వద్దా అన్న ప్రశ్న, ఎంత శుభ్రంగా చంపామన్న ప్రశ్నగా మారిపోతుంది. కార్బెట్ తరువాతి కాలంలో తుపాకి కన్నా కెమెరాను ఇష్టపడ్డాడన్నది నిజమే. ఆ మార్పును కొనియాడేవారు ఈ నీతి మార్పిడిని గమనించినట్టు లేదు.

హైదరాబాదు నుడికారం ఈ విషయంలో కొంత తెలివైనది. పులుల వేటకు పేరుపడ్డ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌తో ముడిపెట్టి చెప్పే ‘తీస్‌మార్ ఖాన్’ అనే మాట, మన వీధుల్లో ప్రగల్భాలు పలికేవాడిని వెక్కిరించడానికే మిగిలింది.

తుపాకి లేనివాడు

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు రావాలి. 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయులు లైసెన్సు లేకుండా ఆయుధాలు ఉంచుకోవడాన్ని నిషేధించింది. యూరోపియన్లకు మినహాయింపు ఉండేది. కుమావూన్ పల్లెల్లో తలుపులు బిగించుకుని రోజుల తరబడి కూర్చున్న జనం పిరికితనం వల్ల అలా ఉండలేదు. కార్బెట్ కూడా వారి ధైర్యాన్ని పదేపదే మెచ్చుకున్నాడు. అయితే వారి చేతిలో ఏమీ లేకపోవడాన్ని ఆయన వాతావరణంలా చిత్రిస్తాడు, చట్టంలా కాదు. చంపావత్‌కు బయలుదేరే ముందు ఆయన పెట్టిన షరతుల్లో ఒకటి, మిగతా వేటగాళ్లందరినీ అడవి నుంచి వెనక్కి పిలవాలని. పొరపాటున తనకు గుండు తగలకూడదని ఒక కారణం చెప్పాడు. షరతు సహేతుకమే. కానీ ఆ తరువాత కథలో ఒకే తుపాకి, ఒకే గురి, ఒకే కథకుడు మిగులుతారు. రైఫిలు ఆకర్షణలో కొంత ఉక్కుది, కొంత కర్రది, కొంత ఈ ఏకాంతానిది.

ఉస్మానియా ప్రాంగణానికి ఈ చర్చతో దూరపు చుట్టరికం ఉంది. నల్లమల చెంచుల మీద 1943లో గ్రంథం వెలువరించిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ తరువాత ఇక్కడ ఆచార్యుడిగా పనిచేశాడు. చెంచుల చేతిలో విల్లంబులున్నా, వారి కడుపు నింపింది ఎక్కువగా దుంపలూ పండ్లేనని ఆయన గమనించాడు. అదే నల్లమలలో కొంత భాగం నేడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులితో కలిసి బతికినవారి వైపు నుంచి చెప్పిన వేట కథ ఎలా ఉంటుందో ఊహించడానికి కార్బెట్ కన్నా ఈ గ్రంథమే నాకు ఎక్కువ తోడ్పడింది.

స్వాతంత్ర్యం తరువాత .303 సైనిక కొలత కాబట్టి పౌరులకు అందలేదు. అదే నిర్మాణంతో ప్రభుత్వ కర్మాగారం.315 వేట రైఫిలు తయారుచేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది. తెలుగు పాఠకుడి జ్ఞాపకంలో ‘త్రీనాట్ త్రీ’ అంటే పులి గుర్తుకు రాదు, పోలీసు గుర్తుకు వస్తాడు. ఉక్కు ఒకటే, బోల్టు ఒకటే. కార్బెట్ రైఫిలును మోహంగా చదవడానికి మన చరిత్రే అడ్డుపడుతుందేమో.

వేట ముగిసినా కథ ముగియలేదు. 2018 నవంబరు 2న మహారాష్ట్ర యవత్మాళ్ జిల్లాలో ‘అవని’ అనే ఆడపులిని కాల్చి చంపినవారు హైదరాబాదు వేటగాళ్లే. పదమూడు మంది మరణాలకు ఆ పులే కారణమన్నారు. కాల్చివేత ఉత్తర్వులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆత్మరక్షణకే కాల్చామన్న వాదన మీద మాత్రం పెద్ద వివాదం నడిచింది. పులి ఎటు తిరిగి ఉంది, గుండు ఎక్కడ తగిలింది, ఎంత దూరం నుంచి అన్నవే ఆ వివాదంలోని ప్రశ్నలు. కార్బెట్ అయితే వీటికి కథలోనే జవాబు చెప్పేవాడు, మనం నమ్మేవాళ్లం. ఈసారి జవాబును శవపరీక్ష నివేదికలో వెతికారు. ఆ పదమూడు మంది ఊళ్ల పేర్లు వార్తల్లో ఎంత తక్కువగా కనబడ్డాయో మా తరగతిలో ఆ విద్యార్థే లెక్కపెట్టి చూపించాడు.