కావలి నెన్నుకొను నేర్పు

1920లో పొల్లాచ్చి, పళని మార్గమున తన తొలి బస్సును స్వయముగా నడిపిన జి. డి. నాయుడుగారి కోయంబత్తూరులోను, నాయకరాజుల నాటినుండి తెలుగు మాట వినవచ్చుచున్న మధురలోను, నేడు ఇద్దరు ముగ్గురు కూడి సాఫ్ట్‌వేరును విక్రయించి జీవించు చిన్న సంస్థలవారు తమ సర్వరు నడచుచున్నదా యని కనిపెట్టు కావలి సాధనము నెన్నుకొనుటయందు చూపు వివేకము నాకు మిక్కిలి ప్రశంసనీయముగా తోచుచున్నది.

99.9 శాతము లభ్యతను వాగ్దానము చేసినవానికి 30 దినముల మాసమున మిగులు విరామము 43 నిమిషములు మాత్రమే. 5 నిమిషముల కొకమారు పరీక్షించు సాధనము, రెండు పరీక్షలు తప్పినపిదపనే హెచ్చరించునెడల, అందు 10 నిమిషముల వరకు తెలియకయే గడచిపోవచ్చును. కావున ప్రాజ్ఞుడు మూల్యమునకంటె ముందు పరీక్షల నడిమి వ్యవధిని చూచును. 2021లో వెలువడిన అప్‌టైమ్ కూమా వంటి ఉచిత సాధనమును స్థాపించుకొన్నను, దానిని తన సర్వరున్న యంత్రముననే యుంచడు. యంత్రము కూలినచో కావలియు దానితోడనే కూలును గదా!

పుట తెరచుకొన్నదా యనియేగాక, అందుండవలసిన పదమున్నదా యనియు, సర్టిఫికెట్ గడువెప్పుడు ముగియుననియు, రాత్రి బ్యాకప్ జరిగినట్లు సంకేతము వచ్చెనా యనియు విచారించును. వ్యర్థపు హెచ్చరికలతో నిద్ర చెరచు సాధనమును, అదెంత మనోహరమైన పటములు చూపినను, నిరాకరించుటయే యీ విద్యకు పరాకాష్ఠ యందును. ఏలయన పగలు కోడు వ్రాసినవాడే అర్ధరాత్రమున ఫోనెత్తి సర్వరును మరల లేపవలెను.